కాగితముమీది పింఛను

ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీని దేశమంతట సాయుధదళ పతాకదినము జరుగుచున్నది. 1949 మొదలు నడచుచున్న యాచారమిది. బాలురు చొక్కాలకు చిన్న జెండాలు తగిలించుకొందురు. పెద్దలు హుండీలో కానుకలు వేయుదురు. వీరుల త్యాగమును గూర్చి సభలలో ఉపన్యాసములు వెలువడును. ఆ యాచారమును మేము నిందింపము. కాని ఆ మరునాడు ఒక ముదుసలి సిపాయి గాని, గతించిన సిపాయి భార్య గాని, తనకు చట్టప్రకారము రావలసిన పైకమునకై ఎచ్చటికి పోవలెను? ఎవ్వరి నడుగవలెను? పోయినచో అచ్చట కుర్చీలో మనుష్యుడుండునా? ఈ ప్రశ్న వేయువారు అరుదు. నేడు మేము దానినే యెత్తుకొనుచున్నాము.

మన ప్రభుత్వములు సైనికులకు ఏమియు ఈయలేదని మేము చెప్పము. ఒకే హోదాకు ఒకే పింఛను అను పద్ధతిని 2015 నవంబరు 7వ తేదీ ఉత్తరువుతో, 2014 జూలై 1 నుండి చెల్లునట్లు ఏర్పరచిరి. మాజీ సైనికుల వైద్యపథకము 2003లో వచ్చినది. సిపాయికి పింఛను రావలెనన్న 15 సంవత్సరముల కొలువు నిండవలెను. అది నిండకయే యిల్లు చేరినవారు పెక్కుమంది కలరు. అట్టివారిలో హవల్దారు హోదావరకు గల నిరుపేదలకు, వారి వితంతువులకు, 65 ఏండ్లు దాటిన పిమ్మట నెలకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చుచుండిన సహాయమును 2025 నవంబరు 1 నుండి 8,000 రూపాయలు చేసిరి. వివాహ సహాయమును 50,000 నుండి లక్షకును, బిడ్డల చదువునకు తలకు నెలకిచ్చు 1,000ని 2,000కును హెచ్చించిరి. ఇవి యన్నియు మెచ్చదగినవే. అయితే ఈ సహాయములకు పెట్టుకొను దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము పరిశీలించి పంపిననే గాని ముందునకు సాగదు. ఇవ్వవలసినదంతయు ఢిల్లీలో నిర్ణయమగును. అది చేతికందుట మాత్రము జిల్లా కచేరిలో నిర్ణయమగును.

గోదావరీతీరవాసులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైనంత మాత్రమున డెల్టా పండలేదు. కాలువలు త్రవ్వి, లాకులు కట్టి, తూములు పెట్టి, కడపటి చేనికి బోదె తీసిన పిమ్మటనే పండినది. బోదె తీయుటకు డబ్బులేదని చెప్పి, ఆనకట్ట యెత్తు పెంచితిమని చాటుకొను ఇంజనీరును మన రైతులు ఏమందురో పాఠకులే యూహించుకొందురు గాక.

ఒక గ్రామమున ఒక సిపాయి వితంతువున్నదనుకొందము. భర్త డిశ్చార్జి పుస్తకములో ఆమె పేరు "లక్ష్మి" యని యున్నది. ఆధారు కార్డులో "వెంకటలక్ష్మి" యని యున్నది. తెలుగువారము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. పల్టన్ గుమాస్తా దానిని వెనుకకు త్రోసి, సగము కత్తిరించి వ్రాసికొనెను. జన్మతేదీ ఒకచోట ఒకటి, మరియొకచోట మరియొకటి. ఈ భేదములు సరిదిద్దింపనిదే ఆమెకు కుటుంబపు పింఛను రాదు. సరిదిద్దవలసిన వారెవరు? భర్త మద్రాసు రెజిమెంటువాడైనచో రికార్డులు నీలగిరులలోని వెల్లింగ్టనులో నున్నవి, మద్రాసు సాపర్ల దళమువాడైనచో బెంగుళూరులో, ఫిరంగిదళమువాడైనచో నాసికులో. పింఛను మంజూరు చేయు అధికారులు ప్రయాగరాజులో కలరు. వారు కాదన్నచో వ్యాజ్యము వినవలసిన సాయుధదళ న్యాయస్థానపు శాఖ మనకు చెన్నపట్టణమున నున్నది. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, బస్సు చార్జీకి డబ్బులేదు. ఇట్టి మనిషికి వెల్లింగ్టనుకును ప్రయాగరాజుకును నడుమ దారిచూపువాడు జిల్లా సైనిక సంక్షేమాధికారియు, ఆయన క్రింద పనిచేయు వెల్ఫేర్ ఆర్గనైజరును మాత్రమే. వీరు సాధారణముగా తామును సైన్యమున పనిచేసి వచ్చినవారు. ఏ కాగితము ఏ యధికారికి పోవలెనో యెరిగినవారు. ఆ కుర్చీ ఖాళీయైనచో ఆమె హక్కు రద్దుకాదు. కాని హక్కు వలన వచ్చు అన్నము రద్దగును.

న్యాయవాద వృత్తియందున్నవారికి ఇంకొక సంగతి విదితము. ఆలస్యము ఇచ్చట కేవలము విసుగు కాదు, నష్టము. తర్సేమ్ సింగు కేసులో సుప్రీముకోర్టువారు 2008లో చెప్పిన తీర్పు ననుసరించి, పింఛను రాకపోవుట నానాటికి కొనసాగు అన్యాయమే యైనను, ఆలస్యముగా వచ్చిన వానికి బకాయిలు సామాన్యముగా వ్యాజ్యమునకు వెనుకటి మూడేండ్లకే పరిమితము. అనగా పది సంవత్సరములు దారి తెలియక కూర్చున్న వానికి ఏడు సంవత్సరముల సొమ్ము పోయినట్లే. 2013లో అదే న్యాయస్థానము ధరమ్‌వీర్ సింగు కేసులో, సైన్యములో చేరునాడు వైద్యులు వ్యాధి నేదియు నమోదు చేయనిచో ఆ సిపాయి ఆరోగ్యవంతుడే యని భావింపవలెననియు, వ్యాధి కొలువువలన రాలేదని రుజువు చేయు భారము ప్రభుత్వముదే యనియు నిర్ణయించెను. ఎంతటి గొప్ప తీర్పు! కాని 2013కు ముందు "నీ వ్యాధికి సైన్యము బాధ్యతలేదు" అను ఒక్క ముక్క కాగితము పుచ్చుకొని గ్రామమునకు వచ్చి, ఆ తీర్పు సంగతి యెవ్వరును చెప్పక, నేటికిని మౌనముగా నున్నవానికి దానివలన లాభమేమి? అతని మౌనము ఖజానాకు ఆదాయమగుచున్నది. సిపాయి అజ్ఞానమును ఆదాయపు పద్దుగా వ్రాసికొను ప్రభుత్వము తన ఋణము తీర్చినదని మేమెట్లు ఒప్పుకొందుము?

కచేరి లేనిచోట దళారి వెలయును. బకాయిలు వచ్చినపుడు ఇంతభాగమని మాట పుచ్చుకొని, పాసుపుస్తకము తనయొద్దనే యుంచుకొని, కాగితములు వ్రాయించు దళారిని గూర్చి విననివారెవరు? 1871 నాటి పింఛనుల చట్టము 12వ సెక్షను ప్రకారము, ఇంకను చేతికిరాని పింఛను సొమ్మును ముందుగా ఒకరికి వ్రాసియిచ్చు ఒడంబడిక చెల్లనేరదు. 11వ సెక్షను ప్రకారము కోర్టు జప్తు సైతము దానిని ముట్టరాదు. ఒకటిన్నర శతాబ్దికి పూర్వమే విదేశీ ప్రభువులు ముదుసలి సిపాయి కంచము ఋణదాతకు చిక్కరాదని చట్టము చేసిరి. ఆ చట్టము నేటికిని పుస్తకములో నున్నది. దాని సంగతి ఆ సిపాయి చెవినివేయు ఉచితపు కచేరి లేనిచో, పుస్తకము పుస్తకముగనే యుండును.

మన యిలాకా స్థితిని చూతము. 2022 ఏప్రిల్ 4వ తేదీని ఆంధ్రప్రదేశమునందలి 13 జిల్లాలను 26 చేసిరి. రాజమహేంద్రవరము తూర్పుగోదావరి జిల్లాకు కేంద్రమైనది. పూర్వపు తూర్పుగోదావరికి సైనిక సంక్షేమ కార్యాలయము కాకినాడలో నుండెను. పశ్చిమగోదావరికి ఏలూరులో నుండెను. కొత్త జిల్లాలోనికి ఇవతలియొడ్డు రాజానగరము, అనపర్తులును వచ్చినవి. ఆవలియొడ్డు కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురములును వచ్చినవి. అనగా ఒకే జిల్లా మాజీ సైనికులలో కొందరి దస్త్రములు కాకినాడవి, కొందరివి ఏలూరువి. జిల్లాలు చీల్చిననాడు కలెక్టరు కచేరియు పోలీసు సూపరింటెండెంటు కచేరియు ఆ దినముననే తెరువబడినవి. పన్ను వసూలునకును శాంతిభద్రతలకును ఆలస్యము పనికిరాదని ప్రభుత్వమునకు తోచినది. దేశమును కాచినవాని పనికి మాత్రము ఆ తొందర తోచలేదు.

తాడేపల్లిగూడెము ప్రక్కనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుచుట ఈ ప్రాంతమున చిన్నపిల్లలకును తెలియును. మొదటి ప్రపంచయుద్ధమునకు తొంబదిమందిని, రెండవ దానికి వేయిమందికి పైగా పంపిన గ్రామమని చెప్పుకొందురు. తరతరములుగా ఇంటింటినుండి సిపాయిని పంపు గ్రామములున్న డెల్టా యిది. ఇట్టిచోట సైనిక సంక్షేమ కార్యాలయము అలంకారము కాదు. ధాన్యపు గిడ్డంగివలె అత్యవసరము.

ఈ సంస్థ పుట్టుక చరిత్రయు స్మరింపదగినది. 1917లో ఆంగ్లప్రభుత్వము తన యుద్ధమునకు మనుష్యులను చేర్చుకొనుటకై ఒక సంఘమును నెలకొల్పెను. 1919లో అది ఇండియన్ సోల్జర్స్ బోర్డు అయినది. 1975లో కేంద్రీయ సైనిక బోర్డు అను పేరు దాల్చినది. పరాయి ప్రభువులు తమ స్వార్థమునకే యైనను, సిపాయి బాగోగులు చూడనిదే పల్టన్‌లు నిండవని గ్రహించిరి. స్వరాజ్యపు సైన్యమునకు, స్వరాజ్యపు ఖజానా ఆపాటి గ్రహింపైనను చూపవలదా?

ఖర్చు విషయము. రాష్ట్ర, జిల్లా సైనిక కార్యాలయముల ఖర్చులో మనవంటి రాష్ట్రములకు నూటికి 60 పాళ్లు కేంద్రము, 40 పాళ్లు రాష్ట్రము భరింపవలెనని యేర్పాటు కలదు. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు కేంద్రపు పాలు 75. కావున ఒక కచేరికి రాష్ట్రము నలువది రూపాయలు పెట్టుటకు వెనుదీసినచో, మిగిలిన అరువది రూపాయలును మన జిల్లాకు రాకుండ తానే అడ్డుపడినట్లగును. ఇది పొదుపా? పొరుగూరి సంతలో పోగొట్టుకొన్న పైకమును ఆదా యనువారు మాకు కనబడలేదు.

దీనికి మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది: రక్షణ కేంద్రపు విషయము, రాష్ట్రమునకేల యని. రక్షణయు కేంద్రపు పింఛనులును రాజ్యాంగపు కేంద్రజాబితాలో నున్నమాట నిజమే. కాని వికలాంగులకును పనిచేయజాలని వారికిని సహాయము చేయుట రాష్ట్రజాబితాలో 9వ యంశము. సిపాయి సరిహద్దున నున్నపుడు కేంద్రమువాడు. కాలు పోగొట్టుకొని కొవ్వూరు వచ్చినపుడు మనవాడు.

రెండవది: ఇప్పుడంతయు కంప్యూటరుమీద జరుగుచున్నది, కచేరి యెందుకని. స్పర్శ్ అను పద్ధతివలన లక్షలమందికి పింఛను నేరుగా బ్యాంకునకు చేరుచున్న మాట మేము కాదనము. కాని 2022 ఏప్రిల్ నెల పింఛను, సాలుసరి గుర్తింపు నమోదు కాలేదన్న కారణమున, 58,000 మందికి పైగా నిలిచిపోయెను. గగ్గోలు పుట్టిన పిమ్మట ప్రత్యేకముగా మినహాయించి చెల్లించిరి. నాగలి పట్టి వేలిముద్రలు అరిగిపోయిన ముదుసలిని యంత్రము గుర్తింపకున్నచో, యంత్రముతో వాదించుటకు అతనికి నోరేది? యంత్రము వచ్చినకొలది దానిముందు కూర్చుండి సాయపడు మనిషి అవసరము పెరుగునే గాని తరుగదు.

మూడవది: మాజీ సైనికుల సంఘములు ఈ పని చేసికొనవచ్చునని. సంఘములు చేయుచున్న సేవకు మేము నమస్కరించుచున్నాము. కాని ఋణదాతనే తన బాకీ వసూలునకు చందా వేసికొమ్మనుట యే ధర్మము? ఇంగ్లండులో మొదటి యుద్ధకాలమున 1915 నాటి చట్టముతోనే ఊరూర స్థానికసంఘములను ఏర్పరచి సిపాయిల పింఛను వ్యవహారములు చూపించిరి. అమెరికాలో కౌంటీలనబడు జిల్లాలు జీతపు ఉద్యోగులను పెట్టి మాజీ సైనికుల దరఖాస్తులు వ్రాయించుచున్నవి. ఈ పని రాజ్యము బాధ్యతయని ధనిక దేశములే ఒప్పుకొనగా, పేదసిపాయి గల మన దేశము దానిని దాతల దయకు విడుచుట తగదు.

ఇంతటితో పని తరుగునని యెవ్వరును తలపరాదు. 2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథపు పద్ధతిని నాలుగేండ్లకు నూటికి డెబ్బదియైదుగురు యువకులు పింఛను లేకుండ ఇండ్లకు తిరిగివత్తురు. వారి హోదా యేదైనను వారికి ఉద్యోగపు దారి చూపవలసిన బాధ్యత మనమీద పడును. 2025లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ సైనిక కుటుంబములకై వీర పరివార్ సహాయతా యోజన అను పథకమును ప్రారంభించి, సైనిక బోర్డులలోనే న్యాయసహాయ కేంద్రములు పెట్టదలచినది. సంకల్పము శ్లాఘ్యము. కాని కచేరియే లేనిచోట కేంద్రమును ఏ గోడకు చేర్చి పెట్టుదురు?

కావున మేము కోరునది స్పష్టము. ప్రతి జిల్లా కేంద్రమునందును, రాజమహేంద్రవరమునందును, పూర్తి సిబ్బందితో సైనిక సంక్షేమ కార్యాలయ ముండవలెను. ఖాళీలు నెలల తరబడి నిలువరాదు. దాని ఖర్చు పతాకదినపు హుండీమీద ఆధారపడక రాష్ట్ర బడ్జెటులో స్థిరమైన పద్దుగా నుండవలెను. అధికారి నెలకొకమారైనను కొవ్వూరు, నిడదవోలు, అనపర్తులకు వెళ్లి అచ్చటనే దరఖాస్తులు పుచ్చుకొనవలెను. అందులకు ప్రయాణపు ఖర్చు ముందే కేటాయింపవలెను. ఎన్ని దరఖాస్తులు వచ్చినవి, ఎన్ని పరిష్కారమైనవి, ఎన్ని యేకారణమున త్రోసివేయబడినవి యను లెక్కను ఏటేట ప్రకటింపవలెను. లెక్క చూపని దయ దయ కాదు.

పాఠకులకును పని కలదు. పురపాలక సభ్యులు తీర్మానము చేయవలెను. న్యాయవాద సోదరులు వారమునకొక పూట ఉచితముగా కాగితములు వ్రాసిపెట్టవలెను. అయితే ఇది ప్రభుత్వపు బాధ్యతకు బదులు కారాదు. పఠనమందిరములవారు మాజీ సైనికులకు గల హక్కుల పట్టికను తెలుగులో వ్రాసి గోడకు తగిలింపవలెను. 1881లో వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిన పట్టణమిది. వితంతువు కన్నీటిని విధి యని విడిచిపెట్టరాదని దేశమునకు నేర్పినవారము. సిపాయి వితంతువు కన్నీటికి కారణము విధి కాదు, ఖాళీ కుర్చీ. దానిని నింపించుట మనచేతిలోని పని.