గృహవ్యయ చర్చ: అప్పు తీర్చుటయే చాలదు, వేళకు తీర్చవలెను



మా శ్రీహరికోటకు ఒక ప్రక్క పులికాట్ సరస్సును, మఱియొక ప్రక్క సముద్రమును గలవు. 1971 అక్టోబరు 9వ తేదిని రోహిణి రాకెట్టు ఎగిరినది మొదలు, వేళ తప్పరాదనుమాట ఇచ్చటి పిల్లలకు సైతము తెలియును. 2019 జూలై 15వ తేదిని చంద్రయాన్-2 ప్రయోగమును ఇంకను 56 నిమిషములుండగా నిలిపివేసి, లోపము సరిదిద్ది, 22వ తేదిని పంపిరి. ఆకాశయానమునకు రెండవ ముహూర్తము దొరకినది గాని, క్రెడిట్ కార్డు గడువునకు దొరకదని మేము అనుభవమువలన నేర్చితిమి.

రెండేండ్ల క్రిందట అమ్మాయి చదువుకు రుసుము కార్డుపై చెల్లించితిమి. సొమ్ము చేతనే యున్నను, పెండ్లి సందడిలో గడువు మఱచి పండ్రెండు దినములు దాటినపిదప కట్టితిమి. ఆలస్యరుసుముతో బాకీ తీరినదని తలచితిమి. మొన్న ఇంటి ఋణమునకై పోగా, ఆ పండ్రెండు దినములును నివేదికలో నిలిచియుండెను. ఋణము దొరకినది, వడ్డీ మాత్రము హెచ్చినది.

ఈ నివేదిక యేమి? 2005 సంవత్సరపు చట్టము ననుసరించి సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు మన అప్పుల చరిత్రను వ్రాసియుంచును. సిబిల్ వారు 300 మొదలు 900 వఱకు అంకెనిత్తురు. గడచిన 36 నెలల చెల్లింపులు అందు నెలవారీగా కానవచ్చును.

గృహిణి యెఱుగవలసిన తేదులు మూడు. మొదటిది బిల్లు తయారగు తేది. రెండవది చెల్లింపు గడువు. మూడవది బ్యాంకు మన లెక్కను ఆ సంస్థలకు తెలుపు తేది. 2025 జనవరి 1 నుండి నెలకొకమారు గాక పదునైదు దినములకొకమారు తెలుపవలెనని రిజర్వు బ్యాంకు విధించినది. కనుక తప్పును శీఘ్రముగా తెలియును. ఒప్పును శీఘ్రముగా తెలియును.

గడువు దాటి మూడు దినములు మించినపిదపనే ఆలస్యమని తెలుపుటయు, రుసుము గైకొనుటయు జరుగవలెనని నియమము గలదు. అయినను దినములెంచుట అసలు గడువు నుండియే. కావున ఆ మూడు దినములను నమ్మి యుండరాదు. సెలవులు, యంత్రముల తడబాటు తలచి, రెండుమూడు దినములు ముందుగానే కట్టుట మేలు.

ఇంకొక సూక్ష్మము గలదు. కార్డు పరిమితి లక్షయై, మనము 80,000 రూపాయలు వాడితిమనుకొనుడు. గడువులోపల పూర్తిగా కట్టినను, అంతకుముందే బ్యాంకు లెక్క తెలిపినచో నూటికి ఎనుబది వంతులు వాడినట్లు కనబడును. అట్టిది అంకెను తగ్గింపవచ్చును. ముప్పది వంతులలోపు ఉంచుట మంచిదని సామాన్యముగా చెప్పుదురు. త్వరలో ఋణము కోరువారు బిల్లు పుట్టకమునుపే కొంత సొమ్ము కట్టిన యెడల, చూపబడు బాకీ తగ్గును.

కనీసపు మొత్తము మాత్రము కట్టువారికి ఆలస్యపు మచ్చ తప్పును గాని, మిగిలిన బాకీకి వడ్డీ తప్పదు. క్రొత్తగా కొన్నవానికిని వడ్డీలేని గడువు పోవును. జీతము వచ్చు దినమునకును గడువునకును పొత్తు కుదరనిచో, బిల్లు తేదిని మార్చుమని బ్యాంకును కోరుడు. అట్లు కోరు హక్కు మనకు గలదు. భర్త కార్డునకు అనుబంధముగా మీకొక కార్డున్నచో, దాని బాకీకి బాధ్యుడు మూలకార్డు గలవాడే. మీ ఆలస్యము ఆయన పేరునకు చేటగును.

ఏడాదికొకమారు ప్రతి సంస్థయు పూర్ణ నివేదికను ఉచితముగా నీయవలెను. తెప్పించి చదువుడు. తప్పున్నచో ఫిర్యాదు చేయుడు. 30 దినములలో పరిష్కరింపనిచో, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము పొందు హక్కు గలదు.

మేమిప్పుడు వంటయింటి పంచాంగముపై ఏకాదశి ప్రక్కనే కార్డు గడువును ఎఱ్ఱసిరాతో వ్రాయుచున్నాము. ఏకాదశి తప్పినను పదునైదు దినములకు మరల వచ్చును. గడువు తప్పిన మచ్చ మూడేండ్లు మన యింటనే యుండును.