ఎత్తుగీతి లేని సీసము



గడచిన మాసమున ఒక ఆదివారము మధ్యాహ్నము మాయింట జరిగిన చిన్న సంగతి నొకదానిని మీకు విన్నవించుకొన దలచితిని. టెలివిజనులో "మాయాబజారు" వచ్చుచున్నదని తెలిసి మా అత్తగారు పనులన్నియు పెందలకడనే ముగించుకొని, శనగకాయల చేట ముందు పెట్టుకొని కూర్చుండిరి. ఆమెకు చదువు రాదు. చిన్నతనమున మైదుకూరికి వచ్చిన డేరా సినిమాలో నేలటిక్కెట్టు కొని ఆ చిత్రము నెన్నిమారులు చూచిరో ఆమెకే లెక్క లేదు. అందలి పాటలును, పద్యములును, మాటలును ఆమెకు కంఠస్థములు. నాకు పుస్తకములవలన వచ్చినది ఆమెకు చెవులవలన వచ్చినది.

లోకములన్నియు తానే యేలవలెనని ఘటోత్కచుడు పలుకు సీసపద్యము వచ్చినది. మాధవపెద్ది సత్యముగారి గొంతు, ఎస్. వి. రంగారావుగారి ఠీవి! అత్తగారు చేతిలోని కాయను ఒలువక నిలిపి వినుచుండిరి. సీసము నాలుగు పాదములును ముగిసినవి. ఎత్తుగీతి అందుకొనవలసిన చోట తెరమీద బట్టలసబ్బు ప్రత్యక్షమైనది. దాని వెనుక టీపొడి, టీపొడి వెనుక నగలయంగడి. ఇవన్నియు ముగిసి చిత్రము మరల మొదలగునప్పటికి కథ ముందునకు నడచిపోయినది. గీతపద్యము రానేలేదు.

అత్తగారు ఊరకుండలేదు. మిగిలిన గీతిని తామే రాగముతో ముగించిరి. ఎనిమిదేండ్ల మా చిన్నవాడు నవ్వి, "అది సినిమాలో ల్యా అవ్వా, నువ్వే కట్టి చెప్తాండావు" అనెను. వానిని తప్పుపట్టుట కేమున్నది? వాడు చూచిన చిత్రమున అది లేదు కదా.

నాలుగు దినములు ఆమె ఆ చిత్రము ఊసెత్తలేదు. వంటింట పాడుకొను అలవాటును గూడ మానిరి. అయిదవనాటి సాయంకాలము బియ్యము ఏరుచు మెల్లగా నన్నడిగిరి: "ఏమ్మా, అది నేను కలగన్నానంటావా? ముసిలిదాన్ని అయితాండా, ఏందో ఒకటి కలిపి చెప్తాండానేమో." అక్షరము రానివారికి జ్ఞాపకమే గ్రంథము. ఆ గ్రంథముపైననే అనుమానము పుట్టించినది ఆ సబ్బుబిళ్ళ.

ఈ కోత యెందుకు జరుగునో మావారిచేత లెక్క వేయించితిని. (బడిపంతులుగారికి లెక్క యనిన చాలును, బలపము చేతికి వచ్చును.) "మాయాబజారు" 1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన విడుదలయైనప్పుడు దాని నిడివి 184 నిమిషములు. 1994వ సంవత్సరపు కేబుల్ టెలివిజను నిబంధనలు ప్రకటనలకు గంటకు 12 నిమిషముల హద్దు పెట్టినవి. ఆ హద్దును మీరకున్నను, మూడుగంటల కాలములో 36 నిమిషములు ప్రకటనలకు పోగా చిత్రమునకు మిగులునవి 144. తక్కిన 40 నిమిషములు ఎక్కడికి పోవలెను? కత్తెరపాలు కావలసినదే. నాలుగుగంట లిచ్చినచో 192 నిమిషములు దక్కును; చిత్రమంతయు పట్టి ఇంకను 8 నిమిషములు మిగులును. కావున ఇది చేయరాని పని కాదు, చేయ మనసులేని పని.

ఈ పీడ మన దేశమునకే పట్టినది కాదు. అమెరికాలో 1951లో మొదలైన "ఐ లవ్ లూసీ" వంటి హాస్యనాటికలు అరగంటలో ఇరువదియైదు నిమిషముల వరకు నడచెడివి. తరువాత ప్రకటనలు పెరిగి, పాతవానిని మరల మరల ప్రసారము చేయునప్పుడు అందుండి నిమిషములకు నిమిషములు తెగగోసిరి. అక్కడను మా అత్తగారి వంటివారు ఎందరు తమ జ్ఞాపకమును తాము శంకించుకొనిరో!

కత్తెర పట్టినవాడు కథ తెగకుండ మాత్రము చూచుకొనును. కథ తెగకుండ తీసివేయదగిన వేవి? పద్యము, పాటలో రెండవ చరణము, ఆడువారి ఇంటిమాటలు. ఈ కడపటిదానికే నాకు కోపము. రాజ్యము పోగొట్టుకొని కొడుకును వెంటబెట్టుకొని సుభద్ర పుట్టింటికి వచ్చును. ఋష్యేంద్రమణిగారి ముఖమున ఆ అభిమానమును, ఛాయాదేవిగారు ధరించిన రేవతి ముఖమున ఆ యెడమొగమును చూచితిరా? కలిగినప్పుడు వదినె, లేనప్పుడు ఎవతె! ఆ సన్నివేశమున ఒక్కొక్క చూపును ఒక్కొక్క మాటయు కావలసినదే. అది కుదించినచో ఘటోత్కచుని మాయలన్నియు వట్టి గారడిగా మిగులును. ఎవరి అవమానము తీర్చుటకు ఆ మాయలు పన్నబడినవో పిల్లలకు తెలియదు.

అన్ని కోతలును టెలివిజనువారివే యనుటయు న్యాయము కాదు. ఇదే చిత్రమునకు రంగులు వేసి 2010వ సంవత్సరము జనవరి 30వ తేదీన మరల విడుదల చేసిరి. రంగులు ముచ్చటగానే యున్నవి. కాని నిడివి 165 నిమిషములకు తగ్గినది. పద్యములు పెక్కు లేచిపోయినవి. చీరకు అద్దకము వేయించి కొంగు కత్తిరించి ఇచ్చినట్లున్నది.

మన సీమవారికి ఈ బాధ మరికొంత దగ్గరిది. ఈ చిత్రమును చక్రపాణిగారితో కలిసి నిర్మించిన బి. నాగిరెడ్డిగారు మన కడపజిల్లావారు. "మల్లీశ్వరి"ని 1951లో మనకిచ్చిన బి. ఎన్. రెడ్డిగారు వారి అన్నగారు, పులివెందుల ప్రాంతమువారు. దర్శకులు కె. వి. రెడ్డిగారిది పొరుగుననున్న తాడిపత్రి. ఇరుగుపొరుగువారు చేసి పంపిన పిండివంట మన యింటికి సగము తరిగి వచ్చుచున్నది.

భారతమున ఒక పద్యము జారిపోయిన వెదకుకొనుటకు నన్నయ తిక్కన లున్నారు. శశిరేఖ కథ యట్టిది కాదు. అది వ్యాసభారతమున లేదు. జనుల నోళ్ళలోను, నాటకములలోను పెరిగిన కథ. దానికి ఈ చిత్రమున మాటలను, పాటలను, పద్యములను సమకూర్చినవారు పింగళి నాగేంద్రరావుగారు. చిత్రమున తెగినచో ఆ పద్యమునకు మరి తాళపత్రము ఎక్కడ?

పూర్వులకును గ్రంథపాతములు తప్పలేదు. పోతనగారి భాగవతమున (ఆయన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా యను తగవులోనికి నేనిప్పుడు దిగను) శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయ పూరించిరి. ఏ స్కంధ మెవరు చెప్పినదో స్కంధాంతగద్య మనకు తేటగా తెలుపును. పోయినచోట పోయినదని చెప్పుట మర్యాద. ముద్దుపళని "రాధికాసాంత్వనము"ను ముందు అచ్చువేసినవారు కొన్ని పద్యములను విడిచిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, పోల్చి చూచి, విడిచినవానిని చేర్చి 1910లో వెలువరించిరి. వ్రాతప్రతి ఆమె చేతికి రాకున్న, అచ్చుపుస్తకమే సమగ్రమని మనమును నమ్మియుందుము. టెలివిజనువారు చిత్రారంభమున "సంక్షిప్తము" అని ఒక్కమాట వేసిన వారి సొమ్మేమి పోవును? ఒక్క క్షణమైనను పట్టదు. మా చిన్నవాడు అవ్వను చూచి నవ్వకుండును.

ఇక మాయింటి సంగతి. అత్తగారి ప్రశ్నకు నేను నోటిమాటతో బదులు చెప్పలేదు. ఆ రాత్రి పిల్లల భోజనములైన పిమ్మట మావారు ఫోనులో చాలసేపు వెదకి, ఏమియు తెగని పాత ప్రతి నొకదానిని పట్టిరి. అందరమును చాపమీద చేరితిమి. సీసము వచ్చినది. నాలుగు పాదములును ముగిసినవి. వెంటనే తేటగీతి యెత్తుకొన్నది. చిన్నవాడు తెరను గాక అవ్వ ముఖమును చూచుచుండెను. ఆమె పెదవులు సత్యముగారి గొంతుతోపాటు కదలుచునే యున్నవి. ముగియగానే వాడు "ఉంది అవ్వా!" అని కేకవేసెను. ఆమె యేమియు అనలేదు. కొంగుతో కన్నులొత్తుకొని, "మళ్లీ పెట్టు నాయనా" అనిరి.

రెండవమారు నేను చెవియొగ్గి వింటిని. గీతి మూడవపాదమున ఆమె చెప్పునది ఒక మాట, చిత్రమున ఉన్నది ఒక మాట. గణములకు రెండును సరిపోవును. ఆ సంగతి మెల్లగా విన్నవించితిని. ఆమె ఒప్పుకొనలేదు. "నేను డేరాలో విన్నింది ఇదే. వాల్లే మార్చింటారు" అనిరి.

చిన్నవాడు తన కాపీపుస్తకమున ఆ పద్యమంతయు వ్రాసికొన్నాడు. ఆ పాదము దగ్గర అవ్వ మాట పైన వ్రాసి, సినిమా మాట దాని క్రింద చిన్న అక్షరములతో వ్రాసినాడు.