సముద్రంలో కలిసే నీళ్లన్నీ వృథా కాదు

"గోదావరి నీళ్లు వేల టీఎంసీలు సముద్రం పాలవుతున్నాయి." మన సభల్లో ఈ మాట అనని వక్త లేడు. పోలవరం నుంచి బనకచర్లకు వరదను మళ్లిస్తామన్న ప్రతిపాదన వచ్చాక ఇంకా ఎక్కువగా అంటున్నాం. బోరు ఎండి, శనక్కాయ పైరు కళ్ల ముందే వాడిపోతుంటే పుట్టపర్తి రైతు నోట ఆ మాట రావడం తప్పు కాదు. కానీ ఆ నీళ్లను నమ్ముకొని బతికేవాళ్లూ ఉన్నారు. పులస చేప కథ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

పుస్తెలమ్మైనా పులస తినాలని గోదావరి జిల్లాల సామెత. సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేప ఇలస. నీటిలో తేలే, కంటికి ఆనని నాచునూ పురుగునూ వడగట్టుకు తిని పెరుగుతుంది. వానాకాలంలో గోదావరికి ఎర్రనీళ్లు రాగానే గుంపులుగా ఏటికి ఎదురీది, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. అప్పుడది పులస. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి సముద్రానికి దిగుతాయి. మనకు ఏరువాక వాన ఎలాగో దానికి వరద అలాగ.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. లక్షల ఎకరాలు పండాయి, పులస దారికి మాత్రం అడ్డుకట్ట పడింది. గంగలో ఒకప్పుడు అలహాబాదు దాకా వెళ్లిన ఇలస, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువ జాలర్లకు దాదాపు దూరమైపోయింది.

మిగిలిన చేపనైనా గుడ్డు పెట్టనిస్తున్నామా? గుడ్లున్న పులసకే గిరాకీ. ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. ఇది విత్తనం కాయలు వేయించుకు తినడమే. మన రాష్ట్రంలో సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పులస ఏరెక్కేది ఆ తర్వాత. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే అదనులో, అక్టోబరు ప్రాంతంలో, 22 రోజులు ఇలస వేట ఆపి జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తున్నారు. జాలరి పొట్ట కొట్టకుండానే చేపను కాపాడవచ్చు.

మెట్ట రైతులకు ఇదంతా ఎందుకు అంటారా? మన చిత్రావతి పుట్టేది కర్ణాటకలో. పైన నీళ్లు ఆగితే కింద ఏమవుతుందో బుక్కపట్నం చెరువు ఆయకట్టు రైతుకు ఒకరు చెప్పాలా? సముద్రం ఒడ్డున ఉన్న జాలరి కూడా చివరి ఆయకట్టు రైతులాంటివాడే.

సీమకు నీళ్లు కావాలన్న డిమాండు నుంచి మనం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయం. హంద్రీ-నీవాతో మన చెరువులు నింపాల్సిందే. అయితే ఏ నది నీళ్ల లెక్కలోనైనా నదికీ జాలరికీ వాటా ఉండాలి. వరదలో ఎంత తీసుకోవాలో, ఎంత కిందికి వదలాలో మత్స్యకార సంఘాలను కూర్చోబెట్టి తేల్చమని ప్రభుత్వాన్ని అడుగుదాం. "వృథా" అన్న మాటను ముందు మన తీర్మానాల్లోంచి తీసేద్దాం. మన ఎండిన చేను చూసి వాళ్లూ మనతో గొంతు కలపాలంటే, వాళ్ల ఖాళీ వల కూడా మనకు కనబడాలి.