సంపాదకుని మాట: గింజల వెంట ఒక జీవితం

ఎండ ముదిరిన వేళ రబ్బరు చెట్టు కింద నిలబడితే కాయ ‘టప్’మని పగలడం వినిపిస్తుంది. మూడు అరల కాయ విచ్చుకుని మచ్చల గింజలను దూరంగా విసిరేస్తుంది. ఇలాంటి విత్తన యాత్రలే ఈ సంచిక ముఖ్యాంశం.

1888లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ డైరెక్టరుగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతి రూపొందించి రబ్బరు సాగుకు బాట వేశారు. ఆ తోటల్లో పనికే మన శ్రీకాకుళం, విశాఖ పల్లెల నుంచి ఎందరో మలయాకు ఓడెక్కారు. రిడ్లీ మాత్రం గాలికి ఎగిరే గింజలనూ, నీట తేలేవాటినీ, పిట్టల కడుపులో సాగేవాటినీ ఏళ్ల తరబడి గమనించి రాసుకున్నారు. 70 దాటాక, 1930లో, ఆ పరిశీలనలన్నీ 700 పేజీలు మించిన గ్రంథంగా వెలువరించారు.

ఆ శాస్త్రం నేటికీ అక్కరకొస్తోంది. మొక్కలు నాటినంత మాత్రాన అడవి తిరిగి రాదు. గింజలు మోసే జీవాలూ రావాలి. సింగపూర్‌లో కనుమరుగైన హార్న్‌బిల్ పక్షి 1994లో పులావ్ ఉబిన్ దీవిలో మళ్లీ కనిపించింది. గూటికి తగిన తొర్రలు చాలకపోతే పరిశోధకులు గూటిపెట్టెలు అమర్చారు. పండు మింగి గింజను దూరాన వదిలే ఆ పక్షి ఇప్పుడు ఊళ్లోనూ ఎగురుతోంది.

మన పిల్లల్లో కొందరైనా వృక్షశాస్త్రాన్ని జీవితవృత్తిగా ఎంచుకోవాలని మా కోరిక. అదీ గౌరవప్రదమైన దారేనని వారికి చెప్పండి. ఈ సంచికను వారితో కలిసి చదవండి.