మొరం తవ్వేముందు నీళ్ల లెక్క చెప్పండి

జగిత్యాల జిల్లాలోని మా ఊరి గుట్ట కింద మొరం క్వారీకి దరఖాస్తు పడిందట. ఈ వార్త దుబాయ్, దోహా, మస్కట్‌లలో ఉన్న మా ఊరోళ్లందరికీ ఒక్క రాత్రిలో చేరిపోయింది. 'రోడ్లకు మొరం కావాలె కదా, అడ్డు చెప్పుడెందుకు' అని కొందరంటే, 'మరి మన బోర్ల సంగతేంది' అని కొందరు అడుగుతున్నారు. సైట్లలో తవ్వకాలు చేయించడమే పనిగా బతుకుతున్న మాలాంటివాళ్లం ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం.

మేం మొరానికి వ్యతిరేకం కాదు. ఇంటి బేస్‌మెంట్ నింపాలన్నా, రోడ్డు వేయాలన్నా, చెరువు కట్ట ఎత్తు పెంచాలన్నా మొరం కావాల్సిందే. ఎక్కడ తవ్వుతారు, ఎంత లోతు తవ్వుతారు అన్నదే మా ప్రశ్న.

మన తెలంగాణలో చాలా చోట్ల కింద ఉన్నది గట్టి రాయి. పగుళ్లలో తప్ప దానిలో నీళ్లు నిలవవు. ఆ రాయి ఎండకు, వానకు ఏళ్ల తరబడి చివికి మెత్తబడితే తయారయ్యేదే మొరం. వాన నీళ్లు ఇంకేది ఈ పొరలోనే. పాత బావుల్లో ఊట వచ్చేదీ దీనిలోంచే. బోరు కింది పగుళ్లు నిండాలన్నా పైనున్న ఈ పొర తడిగా ఉండాలి. మొరం ఎత్తుకుపోవడమంటే నీళ్లు దాచుకునే స్పంజిని ఎత్తుకుపోవడమే.

లెక్క చూద్దాం. 5 హెక్టార్లలో నీటిమట్టం కింద 5 మీటర్ల లోతు తవ్వితే రెండున్నర లక్షల ఘనపు మీటర్ల మొరం పోతుంది. చివికిన గ్రానైట్ పొర నుంచి బయటికి వచ్చే నీళ్లు సుమారు నూటికి మూడు వంతులనుకుంటే, అది 75 లక్షల లీటర్లు. ఎకరంన్నర వరికి సరిపోయే నీళ్లు అంతే. 'ఇంతేనా' అనిపిస్తుంది. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. గుంత నీటిమట్టం దాటి దిగితే పని ఆగకుండా మోటార్లు పెట్టి నీళ్లు తోడుతారు. సెకనుకు 10 లీటర్లు తోడే ఒక్క మోటారు రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 8 లక్షల 64 వేల లీటర్లు పోతాయి. ఆ 75 లక్షలు తొమ్మిది రోజుల్లో ఖాళీ. పదో రోజు నుంచి తోడేవి చుట్టుపక్కల బావుల నీళ్లే.

గల్ఫ్‌లో ఉన్న మనకు ఇది కొత్త సంగతి కాదు. సముద్రం దగ్గర పునాది తవ్వితే కొద్ది లోతులోనే నీళ్లు వస్తాయి. చుట్టూ గొట్టాలు దింపి, డీవాటరింగ్ పంపులు పెట్టి, నీటిమట్టం దించిన తర్వాతే కాంక్రీటు వేస్తాం. పంపు నడిచే చోటే కాదు, చాలా దూరం వరకు మట్టం దిగిపోతుంది. పక్క బిల్డింగు కుంగుతుందేమోనని కొలతలు కూడా తీస్తుంటాం. ఇక్కడ పరాయి దేశపు గోడ కోసం ఇంత జాగ్రత్త పడుతున్నప్పుడు, మన ఊళ్లో రైతు బోరు కోసం అందులో సగమైనా పడొద్దా?

చెరువు సంగతి కూడా ఉంది. గుట్ట మీద పడ్డ వాన ఒర్రెల గుండా దిగి చెరువులో కలుస్తుంది. దారిలో పెద్ద గుంత పడితే ఆ నీళ్లు అక్కడే ఆగిపోతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసుకున్న చెరువుకైనా పైనుంచి వరద రాకపోతే ఏం లాభం? 'గుంతలో నీళ్లు నిలిస్తే మంచిదే కదా' అనేవాళ్లున్నారు. ఆ నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి. అడుగున ఒండ్రు పేరుకున్నాక ఇంకడమూ తగ్గిపోతుంది. కంచె లేని గుంత పశువులకూ, పిల్లలకూ ప్రమాదమే.

చట్టం లేదని ఎవరూ అనలేరు. భూగర్భ జలాల రక్షణకు 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. 5 హెక్టార్ల లోపు లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరని 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్ద లీజును చిన్న ముక్కలు చేసి అనుమతి తప్పించుకునే ఎత్తులకు ఆ తీర్పు అడ్డుకట్ట వేసింది. కాబట్టి ముందు చూడాల్సింది పక్కపక్కన ఎన్ని దరఖాస్తులు పడ్డాయన్నదే.

మేం అడిగేది ఐదే. తవ్వకముందే చుట్టూ ఉన్న బోర్లు, బావుల నీటిమట్టం ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలిచి పంచాయతీలో రాసిపెట్టాలి. వానల తర్వాత మట్టం ఎక్కడిదాకా లేస్తుందో దానికి పైనే తవ్వకం ఆగాలి. గుంతలోంచి నీళ్లు తోడొద్దు. ఒర్రెలకు, చెరువు వరద దారికి దూరంగా హద్దురాళ్లు పాతాలి. పని అయ్యాక గుంత ఎలా పూడుస్తారో, దానికి డబ్బు ఎక్కడిదో ముందే చెప్పాలి.

మన వంతు పని కూడా ఉంది. దరఖాస్తు కాపీ, సర్వే నంబర్లు, మైనింగ్ ప్లాన్ ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద ఇంటివాళ్లతో అడిగించండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వేయాలని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. సభకు రాలేనివాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు. పట్టా పాసుబుక్కు కాపీ జతచేసి, ఏ సర్వే నంబరులో ఎన్ని బోర్లున్నాయో, ఎంత లోతో రాసి పంపితే ఉత్త అరుపు కన్నా దానికి బరువుంటుంది.

ఇక్కడ ఎండలో సంపాదించిన దిర్హాములు, రియాళ్లలో ఎంత భాగం బోర్లకు, మోటార్లకు పోయిందో ప్రతి ఇంటికీ తెలుసు. వీసా అయిపోయినంక మనం తిరిగి పోయేది ఆ పొలం దగ్గరికే. అక్కడ నీళ్లుంటేనే తిరిగి పోయినదానికి అర్థం. అందుకే క్వారీ ఫైలు మీద సంతకం పడకముందే నీళ్ల లెక్క అడుగుదాం.