కవర్లు సరే, చిల్లర సంగతేంటి?



ఇంటి ఖర్చంతా నగదుతోనే నడపాలన్న మీ పత్రికలో గతవారం వచ్చిన వ్యాసం చదివాను. ఒకటో తారీఖున పాలకు, కూరలకు, కిరాణాకు నోట్లు విడదీసి కవర్లలో పెట్టే ఇల్లే మాది. కాబట్టి సగం ఒప్పుకుంటాను. ఫోన్‌తో స్కాన్ చేస్తే పోయేది కంటికి కనబడదు. 500 నోటు మార్చాలంటే చెయ్యి వెనకాడుతుంది. ఇరవయ్యో తారీఖుకే కూరల కవరు పలచబడితే మాకిక గోంగూర, తోటకూరే.

అయితే పూర్తిగా నగదే అంటే మాత్రం కుదరదు. కరెంటు బిల్లు, బీమా ప్రీమియం బ్యాంకు ద్వారా కడితే రుజువుంటుంది. పైగా 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయినప్పుడు, పోపుల డబ్బాల్లో ఆడవాళ్లు దాచుకున్న డబ్బు బయటపెట్టక తప్పలేదు. ఎన్ని ఇళ్లలో 'ఇదెక్కడిది?' అని నిలదీశారో! ఆ ఊసే వ్యాసంలో లేదు. (రాసింది మగవారేనని నా అనుమానం.)

చిల్లర గొడవా రాయలేదు. మా సందు చివర కొట్టులో నోటిస్తే మిగతాకు చాక్లెట్ చేతిలో పెడతారు. తోపుడుబండి మీద టమాటాలమ్మే ఆవిడ కూడా క్యూఆర్ కోడ్ చూపిస్తోంది. అలాంటిచోట మేం ఫోన్‌తోనే కట్టి, ఇంటికి రాగానే అంత డబ్బూ కవరులోంచి తీసి హుండీలో వేస్తాం. నెలాఖరున అది తిరిగి బ్యాంకులో పడుతుంది.

— ఒక గృహిణి, తెనాలి