పంపు విప్పకముందు గేజి పెట్టవలయును

సరుకుతో బయలుదేరిన పాతలారీ చదునుబాటపై చక్కగా నడచి, మిట్ట వచ్చునప్పటికి బలము చాలక క్రుంగిపోవుట సంఘసభ్యులలో పలువురకు అనుభవమే. అట్టి లారీ యెట్లో అఫ్జల్‌గంజు చేరి, ఉస్మాన్‌గంజులో బస్తాలు దింపిన పిమ్మట మరమ్మతునకు నిలిపినచో, తొలుత వినవచ్చు మాట "పంపు పోయినది, విప్పవలెను" అనునదే. ఆ మాటకు వెంటనే తలయూపరాదని మా యభిప్రాయము.

తలయూపుటకు కారణము లేకపోలేదు. ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా ధాన్యవర్తకుల కిచ్చిన స్థలమున వెలసిన యీ గంజు చుట్టును నేడు పగటివేళ పెద్దలారీలకు ఆటంకములు మెండు. రాత్రి తప్పినచో సరుకు మఱునాటి రాత్రివఱకు నగరము వెలుపలనే నిలువవలయును. హమాలీలు వెడలిపోవుదురు, బేరము చెడును. ఆ తొందరలో సంఘము పక్షమున వచ్చినవాడు ఏ ఖర్చునకైనను సరే యనును. ఈ పేటకు మోటారుబండ్లు క్రొత్త కావు. 1932లో నిజాము రాజ్య రైల్వేవారు 27 బస్సులతో రవాణా నారంభించిరి. ప్రక్కనున్న గౌలిగూడలోని పెద్ద రేకులకొట్టము బస్సుల నిలయమై, 2018లో కూలిపోవువఱకు నుండెను. ఇచ్చటి మిస్త్రీల చేతిపనియందు మాకు గౌరవమే కలదు. వారిలో కొందఱు పట్టెడి వరుసయే మాకు నచ్చదు.

లారీలో పంపులు రెండు. టాంకీ నుండి డీజిలును లాగి, ఫిల్టరుల గుండ త్రోయునది చిన్న ఫీడుపంపు. దాని ఒత్తిడి పాతబండ్లలో సాధారణముగా చదరపు సెంటీమీటరునకు ఒకటి రెండు కిలోలు మాత్రమే. ఏ బండి కెంతయో దాని పుస్తకమున జూడవలెను. అట్లు వచ్చిన డీజిలును అందుకొని, ఇన్నూరు కిలోల ప్రాంతపు ఒత్తిడితో నాజిళ్లకు పంపునది ఇంజెక్షను పంపు. విలువగలదియు, విప్పినచో మరల బల్లపై నెక్కించి కొలత సరిచేయింపవలసినదియు ఈ రెండవదే. చిన్నపంపు అన్నము పెట్టక పెద్దపంపు నీరసించినపుడు, పెద్దదానిని కోసి చూచుటవలన లాభమేమి?

ఈ సంగతి మన రైతులకు బోధింప నక్కఱలేదు. బావిపై ఇంజను నీరు లాగనపుడు ఎవ్వరును మొదట ఇంజను విప్పరు. ఫుట్‌వాల్వు చూతురు, లాగుడుగొట్టపు కీళ్లు చూతురు. ఆ గొట్టమునకు చిల్లి పడినచో నీరు బయటికి కాఱదు. గాలి లోనికి పోవును. లారీయందును అంతే. ఫీడుపంపునకు ముందున్న గొట్టము పైకి పొడిగా నుండియే గాలి పీల్చును. రాత్రి నిలిచిన బండి ఉదయమున చేతిపంపు కొట్టనిదే కదలకున్నచో ఈ గాలినే మొదట అనుమానింపవలెను. బలము దినదినమునకు కొద్దికొద్దిగా తగ్గుచు, బరువు మోయునపుడే బయటపడుచున్నచో ఫిల్టరు పూడినదని తలంపవచ్చును. నల్లనిపొగ విరివిగా వచ్చుచుండినచో డీజిలు కొఱత కాదు. గాలిఫిల్టరో, నాజిళ్లో చూడవలసియుండును.

అనుమానము ఎంత బలమైనను గేజి సాక్ష్యము కావలయును. ఫిల్టరునకు వెనుక, ఇంజెక్షను పంపునకు ముందు, దానిని అమర్చి, బండి నిలిచియున్నపుడును బరువుతో మిట్ట యెక్కునపుడును చూడవలెను. నిలిచియున్నపుడు చక్కగా చూపి, మిట్టపై పడిపోవుటయే సామాన్యము. కొట్టు ముందు మాత్రమే చూచినవాడు మోసపోవును. డీజిలు నిండిన గేజిగొట్టమును క్యాబినులోనికి తేరాదు. అద్దమునకు వెలుపల కట్టి చూడవలెను. ఫిల్టరునకు ముందు ఒత్తిడి బాగుండి వెనుక తగ్గినచో తప్పు ఫిల్టరుదే. రెండుచోట్లను తక్కువైనచో, శుభ్రమైన డబ్బాలో డీజిలుపోసి, వేఱొక గొట్టముతో ఫీడుపంపునకు దానినుండి అందింపవలెను. అప్పుడు ఒత్తిడి కోలుకొన్నచో దోషము టాంకీయందో, జల్లెడయందో, పాతగొట్టమునందో కలదు. కోలుకొననిచో ఫీడుపంపును, తిరుగుగొట్టమున నున్న వాల్వును చూడవలెను. ఇంజను మెల్లగా నడచునపుడు మెత్తని తిరుగుగొట్టమును ఒక్క క్షణము నొక్కగా ఒత్తిడి చక్కగా లేచినచో, ఫీడుపంపు బాగుండి ఆ వాల్వు స్ప్రింగు సడలినదని గ్రహింపవచ్చును.

వీనికన్నిటికిని ముందు చేయదగిన పని యొకటి కలదు. దానికి పైసా ఖర్చు లేదు. బండి నీరసించినచోటనే టాంకీమూత తీయవలెను. బుస్సుమని గాలి లోనికి పోయి, పిమ్మట బండి చక్కబడినచో మూతలోని గాలిరంధ్రము దుమ్ముతో మూసుకొన్నదన్నమాట.

మే మెఱిగిన యొక సంఘపు లారీకి పంపు విప్పించి కొలత సరిచేయించిరి. సొమ్మును పోయెను, రెండు దినములును పోయెను. మొదటి మిట్టపైననే బండి మునుపటివలె క్రుంగెను. తుదకు చూడగా టాంకీ ప్రక్కనున్న రబ్బరుగొట్టపు లోపొర ఊడి, ఇంజను గట్టిగా లాగినపుడెల్ల దారి మూయుచుండెను. చేతితో తడిమినచో పైకి ఏ లోపమును లేదు.

"చెవితో విని చెప్పగలము, గేజి యెందుకు?" అని కొందఱందురు. అనుభవముగల చెవి గొప్పదే. కాని కార్యవర్గము ముందు బిల్లు పెట్టినపుడు చెవి విన్నదానిని ఎవరు సరిచూడగలరు? లారీగల ప్రతిసంఘమును ఒక గేజిని, దానికి తగిన కీళ్లను, రెండు మూరల పారదర్శక గొట్టమును కొని పెట్టుకొనవలెను. ఆ గొట్టమును తిరుగుదారిలో అమర్చినచో గాలిబుడగలు కంటికే కనబడును. బండి బాగుగా నున్న దినముననే ఒత్తిడిని చూచి లాగుబుక్కులో వ్రాయవలయును. చెడిన దినమున పోల్చుకొనుటకు ఆ యంకె యుండవలెను. ఈ కొలత లేనిదే పంపు విప్పుడుబిల్లు చెల్లింపబడదని కార్యవర్గములు తీర్మానించుకొనుట మంచిది.

ఇది పాతకాలపు లారీలకు మాత్రమే. కామన్‌రైలు అను క్రొత్త పద్ధతిగల బండ్లలో పంపు దాటిన గొట్టములయందు ఒత్తిడి వేయి కిలోలకు మించియుండును. ఇంజను నడచుచుండగా వాని నట్టు సడలించినచో డీజిలుధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్టి బండ్ల గొట్టములపై సభ్యులు గాని డ్రైవర్లు గాని చేయి వేయరాదు.